ఇద్దరికీ ఒకే కొలత

బస్టాండు వెనక వీధిలో ఇస్త్రీ షాపు నడిపే కవలల గురించి ఎవరిని అడిగినా ఏదో ఒక కథ చెబుతారు. పుట్టగానే నర్సు అన్న వీపు చరిస్తే చెల్లెలు ఏడ్చిందట. చిన్నప్పుడు అన్న మేకు తొక్కితే చెల్లెలు కుంటిందట. అన్న లెక్కల్లో తప్పితే చెల్లెలూ తప్పిందట. ఈ చివరిది మాత్రం అక్షరాలా నిజం, ఎందుకంటే ఆమె అన్న పేపర్లో చూసి రాసింది. మిగతావన్నీ ముప్పాతిక కోతలు, పాతిక గాలి. ఆ కోతలు కోసి వీధి మీద వదిలింది అన్నే. చెల్లెలు ఒక్కదాన్నీ కాదనలేదు. కాదనడానికి కూడా కొంచెం ఓపిక ఉండాలి కదా.

ఇద్దరికీ అరవై దగ్గర పడుతున్నా వీధికి వాళ్ళు ఇంకా పెద్దాడు, చిన్నది. అతను ముందు పుట్టాడు, ఆమె వెంటనే పుట్టింది. పెద్దాడిని అడిగితే తానే ముందు వచ్చి దారి చూపించానంటాడు. చిన్నదాన్ని అడిగితే, తనని తోసుకుని వచ్చాడంటుంది.

వాళ్ళమ్మ కుట్టుపని చేసేది. ఊరందరి కొలతలూ నూలుపోగు తేడా రాకుండా తీసే ఆ మనిషి సొంత పిల్లల దగ్గర మాత్రం టేపు ఒక్కడి మీదే పెట్టేది. పెద్దాణ్ణి నిలబెట్టి భుజం, ఛాతీ, నడుం చూసి ఇద్దరికీ కత్తిరించేది. "ఒకే కడుపులో ఒకే ఇరుకులో పెరిగారు, కొలత వేరే ఎక్కణ్ణుంచి వస్తుంది?" అనేది. అతనికి అతికినట్టు సరిపోయేది. చిన్నదానికి భుజాలు జారేవి, చంకల కింద పట్టేసేది. ఆమె కదలలేక కదులుతుంటే అమ్మ దూరం నుంచి చూసి, "గుడ్డలో తప్పు లేదే, నువ్వే వంకరగా నిలబడ్డావు" అనేది. చిన్నది నిటారుగా నిలబడేది. ఒకడికి జ్వరమొస్తే చేదుమందు ఇద్దరి గొంతులోనూ పడేది. అమ్మ పోయింది, మిషను పోయింది, ఆ అలవాటు మాత్రం పోలేదు.

షాపులో ఒకటే పొడుగాటి బల్ల. మడత పెట్టిన పాత కంబళి, దాని మీద బిగించి కట్టిన దుప్పటి. అటు చివర చిన్నది, ఇటు చివర పెద్దాడు, చెరో ఇస్త్రీపెట్టె. బస్సు డిపో వాళ్ళ ఖాకీ బట్టలు, లాడ్జీ దిండు గలీబులు, ఆఫీసులకి వెళ్ళేవాళ్ళ చొక్కాలు. భర్త పోయాక అన్న ఇంటికి చేరిన చిన్నదానికి తనది అని చెప్పుకోవడానికి మిగిలింది ఆ బల్ల అటు చివరే. ఆ చోట ఆమె మోచేతుల రాపిడికి చెక్క నున్నబడి, అద్దం లేని ఇంట్లో అద్దంలా మెరిసేది.

తర్వాత గుండెల సంగతి వచ్చింది. ముందు పెద్దాడికే. "లోపల ఏదో పిట్ట దూరి రెక్కలు కొట్టుకుంటోంది" అని బల్ల పట్టుకుని కూర్చుండిపోయాడు. కొన్నాళ్ళకి చిన్నదానికీ అదే పిట్ట. పెద్దాడు భయపడాల్సింది పోయి మురిసిపోయాడు. "చూశారా, నాకొస్తే అది ఊరుకుంటుందా? గుండె కూడా కలిసే తప్పింది, లెక్కల పరీక్షలో తప్పినట్టు!" అని వీధంతా చాటింపు వేశాడు. డాక్టరు ఇద్దరికీ ఈసీజీ తీసి, గుండె అడ్డదిడ్డంగా కొట్టుకుంటోందని, లయ కుదరడానికి మాత్ర రాశాడు. అదే మాత్ర, అదే మోతాదు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఇద్దరూ తప్పకుండా వచ్చి చూపించుకుంటూ ఉండాలని మరీ మరీ చెప్పాడు.

ఇద్దరూ వెళ్తే షాపు మూయాలి. "మనం షాపు మూస్తే ఊళ్ళో సగం మంది ముడతలతో తిరుగుతారే. పెళ్ళి చూపులు ఆగిపోతాయి, కోర్టులో జడ్జీలు కేసు వినరు" అన్నాడు పెద్దాడు. అందుకని అతనొక్కడే వెళ్ళేవాడు. చిన్నది ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, చిన్నది పాలిష్ చేసిన చెప్పులు తొడుక్కుని, ఆస్పత్రి బెంచీ మీద ఇటు పక్కవాడికీ అటు పక్కవాడికీ కథలు చెప్పి, ఒంటి మీద తీగలు అంటించుకుని, మధ్యాహ్నానికి తిరిగొచ్చేవాడు. గుమ్మంలోంచే కేక వేసేవాడు.

"మనం బాగున్నాం! గీతలు చూసి డాక్టరు కుర్చీలోంచి లేచాడే. 'ఇంత చక్కటి గుండె నేను పుస్తకంలో కూడా చూడలేదయ్యా' అన్నాడు."

"సరే, గలీబులకి ఎవరో వచ్చారు చూడు" అనేది చిన్నది, అటు చివర్నుంచి.

నిజానికి అతను బాగానే ఉన్నాడు. పిట్ట ఎగిరిపోయింది. బట్టల మూటలు సైకిలు మీద వేసుకుని ఈల వేస్తూ తిరిగేవాడు. ఆ మాత్ర అమృతమని, మింగితే చచ్చినవాడు కూడా లేచి తన బట్టలు తానే ఉతుక్కుంటాడని డిపోలో చెప్పేవాడు.

చిన్నదానికీ పిట్ట ఎగిరిపోయింది. పోతూ పోతూ ఓపికంతా ముక్కున కరుచుకుపోయింది. పొద్దున మాత్ర వేసుకున్న కాసేపటికి ఒళ్ళు నీళ్ళు పిండని దుప్పటిలా తయారయ్యేది. ఇస్త్రీపెట్టె ఎక్కడో దొంగచాటుగా ఇనుము తింటున్నట్టు రోజురోజుకీ బరువెక్కేది. గలీబు మీద అటొక్కసారి ఇటొక్కసారి తోసి, బల్ల అంచుకి నడుం ఆనించి, ఊపిరి కోసం ఎదురుచూసేది. ఒక్కోసారి కళ్ళ ముందు ఎవరో నల్లటి బట్ట దులిపినట్టు అయ్యేది. అలాంటప్పుడు పెట్టెని వెనక అంచు మీద నిలబెట్టి, దుప్పటి సర్దుతున్నట్టు బల్ల మీదకి వంగేది. ఎవరికీ తెలిసేది కాదు. మెట్లెక్కాలంటే మాత్రం, కింద ఎవరితోనో మాటలు పెట్టుకున్నట్టు నటించి మధ్యమధ్య ఆగేది.

ఇంట్లో పెద్దాడి భార్య, అంటే చిన్నదానికి వదిన, చెడ్డ మనిషి కాదు. ఆమెకీ తీరికలేదు, నోటికీ తీరికలేదు.

"ఒకే గుండె, ఒకే మాత్ర. మీ అన్న చూడు గుర్రంలా తిరుగుతున్నాడు. నీకేం వచ్చింది అమ్మాయ్?"

"ఏం రాలేదు వదినా. నిద్ర చాల్లేదు."

"సాయంత్రం దీపం పెట్టకముందే పడుకున్నావు. ఇంకా చాల్లేదా? కుంభకర్ణుడికి చెల్లెలు ఎవరో ఇప్పుడు తెలిసింది."

"చెల్లెలు సరే, ఆ కుంభకర్ణుడు నీ మొగుడే" అంది చిన్నది. వదిన నవ్వింది. నవ్వాక గిన్నె దించి, మెత్తగా అంది: "చేతకాకపోతే చెప్పు. సిగ్గేముంది? ఒక మనిషిని పెట్టుకుంటాం. నువ్వు ఇంట్లో హాయిగా కూర్చుందువుగాని."

వదిన ప్రేమతోనే అంది. చిన్నదానికి మాత్రం బల్ల అటు చివర ఎవరో కొత్త మనిషి మోచేతులు ఆనించినట్టు కనబడింది. మర్నాటి నుంచి నీరసాన్ని ఇంకా లోపలికి మడతపెట్టింది. మాత్ర మీద ఆమెకి అనుమానమే రాలేదు. ఎలా వస్తుంది? అదే మాత్ర అన్నకి పడింది. గుడ్డలో తప్పు లేదు. తనే ఎక్కడో వంకరగా నిలబడి ఉంటుంది. అందుకని నిటారుగా నిలబడింది.

ఒక మధ్యాహ్నం, ఎండ రేకు మీద పడి షాపంతా పొయ్యిలా ఉన్న వేళ, బస్సు కండక్టరమ్మ యూనిఫాం కోసం వచ్చింది. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. పెద్దాడు వాకిట్లో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. గుండె జబ్బు వచ్చాక అతను స్టూలుకి మారాడు లెండి. డాక్టరు మరీ కష్టపడొద్దన్నాడని, ఆ జాగ్రత్త ఇద్దరి తరఫునా తనే తీసుకుంటున్నాడు.

"పెద్దాడన్నా, చొక్కా అయ్యిందా? డ్యూటీకి టైమైంది."

"అవ్వడమేంటమ్మా, తయారై నీకోసం లేచి నిలబడి ఉంటుంది. మా మడత మీద పెడితే నిమ్మకాయ రెండు చెక్కలైపోతుంది."

"కోసింది చాల్లే, చొక్కా ఇవ్వు. ఏదో కాలుతున్న వాసనొస్తోంది, నీ కోతలేనా?"

కోతలు కాదు. లోపల బల్ల మీంచి సన్నగా పొగ లేస్తోంది. బల్ల వెనక చిన్నది నేల మీద గోడకి జారబడి ఉంది, ఒక చెప్పు దూరంగా పడి ఉంది. కండక్టరమ్మ ఒక్క అంగలో వెళ్ళి పెట్టె ఎత్తి నిలబెట్టింది. ఖాకీ చొక్కా వీపున, పెట్టె ఆకారంలో నల్లటి మచ్చ.

"నిమ్మకాయ మాట దేవుడెరుగు, రొట్టె మాత్రం బాగా కాలింది" అంటూనే ఆమె కిందకి కూర్చుని చిన్నదాని చెంపలు తట్టింది. "అక్కా. ఇదిగో, అక్కా. పడిపోయావా?"

చిన్నది కళ్ళు తెరిచింది. ముందు చూసింది చొక్కానే. "అయ్యో, నీ చొక్కా... పడలేదమ్మా. కూర్చున్నాను."

"పెట్టె గుడ్డ మీద వదిలేసి కూర్చున్నావా? నేను బస్సులో రోజూ జనాన్ని చూస్తానక్కా. కూర్చునేవాళ్ళెవరో, కూలిపోయేవాళ్ళెవరో నాకు తెలుసు." తలెత్తి పెద్దాడివైపు తిరిగింది. "ఈవిడని డాక్టరుకి చూపించారా?"

"మొన్ననే చూపించాం. మనం బాగున్నాం అన్నాడు."

"ఎవర్ని చూసి అన్నాడు?"

"నన్ను."

"నిన్ను చూస్తే ఈవిడెలా బాగుంటుంది? నువ్వొక్క టిక్కెట్టు కొడితే ఇంటిల్లిపాదినీ నా బస్సులో ఎక్కించుకోవాలా?"

పెద్దాడికి రోషం వచ్చింది. "కవలలమమ్మా మేం! ఒకే గుండెని రెండు ముక్కలు చేసి పెట్టాడు దేవుడు. నీకు తెలీదు, కావాలంటే చూడు."

ఇది అతని పాత విద్య. కుర్రతనంలో నలుగురు కూడిన చోటల్లా చేసి చూపించేవాడు. చెల్లెలి మణికట్టు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి వేళ్ళు తన మెడ మీద పెట్టుకుని, రెండు నాడులూ కలిసి కొట్టుకుంటున్నట్టు తలూపేవాడు. చూసేవాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. నిజంగా కలిసేవో లేదో ఎవరు చూశారు? తలూపడం మాత్రం బ్రహ్మాండంగా ఉండేది. ఇప్పుడూ అలాగే కింద కూర్చుని, చెల్లెలి చెయ్యి అందుకుని, కళ్ళు మూసుకుని తలూపడం మొదలుపెట్టాడు.

కాసేపటికి తల ఆగింది.

అతని గుండె ఇల్లు దాటి, వీధి దాటి, బస్టాండు మలుపు తిరిగింది. ఆమెది ఇంకా గడపలోంచి బయల్దేరలేదు. ఒక్క దెబ్బ వచ్చింది. అతను తర్వాతదాని కోసం వేచి చూశాడు. రాలేదు. చెయ్యి మార్చి రెండో మణికట్టు పట్టుకున్నాడు, అక్కడేమైనా దాక్కుందేమోనన్నట్టు. ఎప్పటికో ఇంకొకటి, కాళ్ళీడ్చుకుంటూ వచ్చింది.

"చిన్నదానా," అన్నాడు చివరికి, "నీది ఏదే?"

"ఉందన్నా. వస్తుంది. ఈమధ్య నెమ్మదిగానే వస్తోంది."

"ఈమధ్యంటే?"

"మాత్ర మొదలెట్టినప్పట్నుంచి."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు బాగున్నావుగా" అంది చిన్నది.

పట్టపగలు ఆ షాపు తలుపులు పడటం వీధి మొదటిసారి చూసింది. ఆటో పిలిచింది కండక్టరమ్మే. కాలిన చొక్కానే తొడుక్కుని, మచ్చ మీదకి సంచి లాక్కుని, డ్యూటీకి పరిగెత్తుతూ వెనక్కి తిరిగి, "డాక్టరు దగ్గర నోరు మూసుకో అన్నా, అక్కని మాట్లాడనివ్వు!" అని అరిచింది.

డాక్టరు వయసు మళ్ళినవాడు. అలిసిన కళ్ళు, పొద్దుట్నుంచీ వేలాడుతున్న స్టెతస్కోపు. చిన్నదాని ఈసీజీ కాగితం చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. కుర్చీలోంచి లేవలేదు. పుస్తకం సంగతి ఎత్తలేదు.

"ఈవిడని నేను చూసి ఎన్నాళ్ళైంది?" అని అడిగాడు.

పెద్దాడు చొక్కా బొత్తాం తిప్పుకున్నాడు. "మొదట్లో ఒకసారి సార్. మాత్ర రాసినప్పుడు."

"వచ్చినప్పుడల్లా అడిగాను, మీ చెల్లెలెలా ఉందని. నువ్వేమన్నావు?"

"నాలాగే ఉందన్నాను సార్. నాలాగే ఉంటుంది కదా అని..."

"నేనూ ఆ మాట విని మందు చీటీ రాసిచ్చేశాను. బయట క్యూ అంత పొడుగు. అందులో నా తప్పూ ఉంది." కళ్ళజోడు తీసి ముక్కు మీది గీతలు రుద్దుకున్నాడు. తర్వాత చిన్నదానివైపు తిరిగి ఆమెతోనే మాట్లాడాడు. "అమ్మా, ఈ మందు పరిగెత్తే గుండెకి కళ్ళెం లాంటిది. మీ అన్నయ్యకి సరిగ్గా పడింది. మీకు బిగుసుకుపోయింది. ఇలాంటి మందులతో గుండె మరీ నెమ్మదించడం, కళ్ళు తిరిగి పడిపోవడం ఆడవాళ్ళలో ఎక్కువ. కొన్ని మందులతో అయితే లయ ప్రమాదకరంగా తప్పడం కూడా. అందరికీ అవ్వదు. కానీ మగవాళ్ళకంటే ఎక్కువమందికి అవుతుంది."

"ఒకే మాత్ర కదండీ?"

"మాత్ర ఒకటే. పడే ఒళ్ళు వేరు. ఒంటి బరువు, హార్మోన్లు, మందు ఒంట్లో ఎంతసేపు నిలుస్తుందన్నది, ఇలా ఎన్నో. అంతా తెలుసని నేను చెప్పను. ఇలాంటి మందులు పరీక్షించినప్పుడు ఆడవాళ్ళని తక్కువమందినే తీసుకున్నారు. మగవాళ్ళకి కుదిరిన మోతాదే చాలావరకు అందరికీ రాస్తూ వచ్చాం."

చిన్నది ఉన్న కాస్త ఓపికతో నవ్వింది. "మా అమ్మా అంతేనండి. టేపు ఎప్పుడూ మా అన్న మీదే పెట్టేది."

డాక్టరుకి అర్థం కాలేదు. పెద్దాడికి అర్థమైంది. నేల చూశాడు.

"మరైతే," అంది చిన్నది, "ఈ నీరసం నా తప్పు కాదాండీ?"

"మీ తప్పేంటమ్మా? ఇంత నెమ్మదిగా కొట్టుకునే గుండెతో మీరు నిలబడి పని చేశారంటేనే నాకు ఆశ్చర్యంగా ఉంది."

ఆ మాటకి ఆమెకి ఏడుపు రాలేదు. నిద్ర వచ్చింది. ఇన్నాళ్ళూ లోపల మడతపెట్టి దాచిన అలసటంతా ఒక్కసారి విప్పుకుంది. అక్కడే, ఆస్పత్రి మంచం మీద, ఛాతీకి తీగలు అంటించి ఉండగానే పడుకుంది. మందు ఆపి కొన్నాళ్ళు ఇక్కడే ఉంచి చూద్దామని, గుండె తనంతట తాను తేరుకోకపోతే లోపల చిన్న యంత్రం పెట్టాల్సి రావొచ్చని డాక్టరు చెబుతుంటే పెద్దాడే విన్నాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, తెర మీద పాకే పచ్చగీతని చూస్తూ ఉన్నాడు. గీత లేచిన ప్రతిసారీ అతని తల తనకి తెలియకుండానే ఊగేది. ఈసారి అది విద్య కాదు.

యంత్రం అక్కర్లేకపోయింది. మందు ఒంట్లోంచి దిగినకొద్దీ గుండె మెల్లగా దారిలో పడింది. డాక్టరు వేరే మందు, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, ఈసారి ఆమె ఈసీజీ చూసి చూసి పెంచాడు.

ఇంటికొచ్చాక చిన్నది షాపుకి వెళ్తానంటే వదిన వద్దంది. "తొందరేం లేదు అమ్మాయ్. మనిషిని పెట్టుకున్నాం."

చిన్నదాని మొహం పాలిపోయింది. "ఎవర్ని?"

"మీ అన్ననే. పని అంతంత మాత్రం, కబుర్లు ఎక్కువ. లాడ్జీ వాళ్ళ గలీబులు రెండు కాల్చాడు. నీ చోట నిలబడనంటున్నాడు, అది చిన్నదాని చోటట. తన వైపే నిలబడి కాలుస్తున్నాడు."

చిన్నది తిరిగి షాపుకొచ్చేసరికి స్టూలు బల్ల అటు చివరకి చేరి ఉంది. పెద్దాడు చెమటలు కక్కుతూ ఖాకీ చొక్కాతో కుస్తీ పడుతున్నాడు. ఆమె స్టూలు మీద కూర్చుని, కాసిని చొక్కాలు కూర్చునే చేసింది, కాసిని లేచి చేసింది. అలసట అంతా పోయిందని అబద్ధం చెప్పలేం. అరవై దగ్గరపడ్డ ఒళ్ళు, గాలాడని షాపు, జీవితమంతా నిలబడ్డ కాళ్ళు. ఏ మాత్ర మార్చినా పోని అలసట కొంత ఉంటుంది. మధ్యమధ్య బల్లకి ఆనుకునేది. ఇప్పుడు దుప్పటి సర్దుతున్నట్టు నటించేది కాదు.

మళ్ళీ చూపించుకోవాల్సిన రోజు వచ్చింది. ఈసారి జాకెట్టు ఇస్త్రీ చేసింది పెద్దాడు, వేసుకున్నది చిన్నది. భుజాల దగ్గర వదులు లేకుండా, ఆమె కొలతకే కుట్టించిన జాకెట్టు. ఆస్పత్రి బెంచీ మీద ఆమె ఎవరికీ కథలు చెప్పలేదు. తన వంతు వచ్చేదాకా గోడకి తలానించి కళ్ళు మూసుకుంది.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి వాకిట్లో కండక్టరమ్మ, వదిన, ఇస్త్రీకి వచ్చిన నలుగురూ ఉన్నారు. పెద్దాడు పెట్టె నిలబెట్టి, మెడ మీది చెమట తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"ఏమన్నాడే డాక్టరు? ఎలా ఉన్నాం మనం?"

"నేను ఫరవాలేదు" అంది చిన్నది. "నీ సంగతి నాకు తెలీదు. రేపు నువ్వెళ్ళి చూపించుకో."

కండక్టరమ్మ విరగబడి నవ్వింది. పెద్దాడు తలూపి బల్ల ఇటు చివరకి వెళ్ళిపోయాడు. చిన్నది అటు చివరకి వెళ్ళి, తన ఒంటికి ఎలా వీలైతే అలా, కాస్త వంకరగానే నిలబడి పెట్టె ఎత్తింది. బరువుగానే ఉంది. ఇనుము బరువే.